మంటల పుస్తకంలో ఒక ఖాళీ

మా రామస్వామన్న దగ్గర ఒక నోటుబుక్కు ఉంది. నీలం అట్ట, చివికిన మూలలు, ఎప్పుడో నీళ్లలో తడిసి ఉబ్బిన కాగితాలు. దాన్నిండా మంటల పేర్లే. ఊళ్లకు ఊళ్లను మింగే మంటలకు ఇంగ్లీషువాళ్లు పెట్టుకున్న పేర్లు ఒక వరుసలో, వాటి అర్థం తెలుగులో రెండో వరుసలో, అలాంటి మంటను తాను ఎక్కడ చూశాడో మూడో వరుసలో. ఆయన అగ్నిమాపక శాఖలో లీడింగ్ ఫైర్‌మన్. ముప్పై రెండేళ్లుగా ఎర్రబండెక్కి బోధన్ చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగాడు కాబట్టి మూడో వరుస దాదాపు నిండింది. ఒక్క గడి మాత్రం పదకొండేళ్లు ఖాళీగా ఉండిపోయింది.

పోయిన ఏప్రిల్‌లో ఆయన భార్య ఈరవ్వ రెంజల్ శివారులో, సొంత పొలంలోనే కాలి చనిపోయింది. ఆ వార్త రాసింది నేను. తప్పు రాశాను. ఒక మనిషిని హంతకుణ్ణి చేసేటంత తప్పు. అది ఒప్పుకోవడానికే ఇప్పుడు కూర్చున్నాను గానీ, ముందు ఆ నోటుబుక్కు సంగతి చెప్పాలి.

రామస్వామన్న ఇంటర్‌లో ఇంగ్లీషు ఒక్కటే తప్పాడు. ఫైర్‌మన్ ఉద్యోగం దొరకగానే ఇక ఆ పీడ వదిలిందనుకున్నాడట. ఎక్కడ వదులుతుంది? మంట ఆరిన తరువాత రాయాల్సిన రిపోర్టు ఇంగ్లీషులోనే ఉండాలి. మొదటి రిపోర్టులో ‘బిగ్ ఫైర్’ అని రాసిచ్చాడు. అప్పటి ఆఫీసరు ముక్కుమీద కోపం ఉన్న మనిషి. “బిగ్ అంటే ఎంత? మీ ఇంటి పొయ్యికన్నా పెద్దదా, అడవికన్నా పెద్దదా?” అని కాగితం తిప్పికొట్టాడు. మూడుసార్లు రాయించి, నాలుగోసారి విసిగిపోయి, తన బీరువాలోంచి అట్ట ఊడిన డిక్షనరీ ఒకటి తీసి చేతిలో పెట్టాడు. ఇంటర్‌లో రాని బుద్ధి ఆ రోజు వచ్చింది రామస్వామన్నకు.

నేను బోధన్ నుంచి ఒక పత్రికకు వార్తలు పంపిస్తుంటాను. పేరు నరేందర్. ఆయనతో నా స్నేహం తిట్లతోనే మొదలైంది. గడ్డివాములు మూడు కాలిపోతే నేను ‘భారీ అగ్నిప్రమాదం, అగ్నికి ఆహుతైన గడ్డివాములు’ అని రాశాను. మర్నాడు టీకొట్టు దగ్గర పత్రిక పట్టుకుని ఎదురుపడ్డాడు.

“భారీ అంటే ఎంత భారీ నరేందర్? మొన్న సిగరెట్ నిప్పు పడి చెత్తకుండి కాలితే గూడ భారీ అనే రాసినవ్. నీ దగ్గర ఒక్కటే మాట ఉన్నదా?”

“రెండున్నయన్నా, ‘బుగ్గిపాలు’ గూడ ఉంది” అన్నాను నేను. నవ్వాడు. నవ్వి, సంచీలోంచి ఆ నోటుబుక్కు తీశాడు. ఆ పొద్దు నాకు మూడు చాయ్‌లు, ఆరు మాటలు దక్కాయి.

బ్లేజ్. పైకి ఎగిసి దూరంనుంచి కనబడే మంట. చూసింది: వర్ని రోడ్డు గడ్డివాములు.

ఇన్‌ఫర్నో. ఇటలీ భాషలో నరకం. లోపలికి పోయే తోవ లేని మంట, లోపలున్నవాడు బయటికి రాలేని మంట. చూసింది: నిజామాబాద్‌లో టైర్ల గోడౌను. షట్టరు ఎత్తి, ఒక్క చూపు చూసి, మళ్లీ వెనక్కు వచ్చినం.

వైల్డ్‌ఫైర్. యజమాని లేని మంట. గుట్టల మీద, అడవిలో, గాలి ఎటంటే అటు. చూసింది: వర్ని దిక్కు గుట్టలు, నాలుగుసార్లు.

కాన్‌ఫ్లగ్రేషన్. ఒక ఇంటితో ఆగని మంట. గోడలు, తోవలు దాటుకుంటూ పోతుంది. చూసింది: పదకొండు గుడిసెల వరుస. దాని పక్కన ప్రశ్నార్థకం. పదకొండు గుడిసెలు ఆ మాటకు సరిపోతాయో లేదోనని ఆయన సంవత్సరాలుగా తనలో తాను కొట్లాడుతున్నాడు.

హోలోకాస్ట్ అని రాసి, పూర్తిగా కాలిపోవడం అని అర్థం కూడా రాసి, ఆ మీద అడ్డంగా గీత కొట్టేశాడు. కింద సన్నటి అక్షరాలతో, ‘యూదులను చంపినదానికి ఉన్న పేరు, మన మంటలకు వాడవద్దు’ అని ఉంది. ఫైర్‌స్టార్మ్ అంటే తన గాలిని తానే పుట్టించుకునే మంట. దాని మూడో గడిలో ‘మాకు వద్దు’ అని రాసుకున్నాడు.

అన్నిటికంటే ముందు, మొదటి పేజీలో, ‘స్మాల్ ఫైర్’ అని ఉంది. పెద్ద మంటల పుస్తకంలో ఈ చిన్న మంట ఎందుకన్నా అని అడిగాను. రిపోర్టు ఫారంలో మంట ఎంతదో టిక్కు పెట్టాలి. చిన్నది, మధ్యరకం, పెద్దది. ఎన్ని బండ్లు పోయాయి, ఎంతసేపు నీళ్లు కొట్టారు, ఇదే కొలత. ఒకసారి మోస్రాలో దేవవ్వ అనే ముసలామె గుడిసె కాలిపోయింది. ఒక్క బండి పోయింది, పది నిమిషాల్లో ఆర్పేశారు. అంటే స్మాల్. ఆమె ఒంటిమీది చీర తప్ప ఏమీ మిగల్లేదు. రామస్వామన్న బానెట్ మీద కాగితం పెట్టుకుని రాస్తుంటే దగ్గరికొచ్చి, “ఏమని రాస్కుంటున్నవ్ బిడ్డా?” అని అడిగిందట.

“ఏం చెప్పాలె? నీది చిన్న మంటనే అవ్వా అని చెప్పాల్నా?” అన్నాడు నాతో. నోటుబుక్కులో స్మాల్ ఫైర్‌కు ఆయన రాసుకున్న అర్థం ఇది: చూడవచ్చినవాళ్లు పెట్టే పేరు.

ఇప్పుడు ఆ ఖాళీ గడి సంగతి.

పదకొండేళ్ల కింద ఆయన్ను హైదరాబాద్‌కు ట్రైనింగ్‌కు పంపారు. అక్కడ అడవి మంటల గురించి పాఠం చెబుతూ ‘కౌంటర్ ఫైర్’ అనే మాట చెప్పారట. నీళ్లు అందనిచోట మంట మీదికి వస్తుంటే, దానికి ఎదురుగా మనమే ఇంకో మంట పెట్టడం. రెండూ కలిసేచోట కాలడానికి ఏమీ మిగలదు, రెండూ చస్తాయి. రామస్వామన్నకు ఆ మాట తెగ నచ్చేసింది. ఇంటికి రాగానే రాసుకున్నాడు. అర్థం రాశాడు. కానీ అలాంటి మంటను తాను కళ్లతో చూడలేదు కాబట్టి మూడో గడి వదిలేశాడు. చూడకుండా రాయడం ఆయన పద్ధతి కాదు. ఆ పద్ధతి నాకుంటే ఈ కథే ఉండేది కాదు.

ఆ సాయంత్రమే ఈరవ్వకు కూడా చెప్పాడు. ఆమె వాకిట్లో కూర్చుని గడ్డి తాడు పేనుతోంది. ఈరవ్వది ఎడమచేతి వాటం. ఆమె పేనిన తాడు మెలిక అందరి తాళ్లకూ ఎదురు దిక్కున తిరిగి ఉంటుంది. ఊళ్లో ఎవరింట్లో ఆ తాడు కనబడినా ‘ఇది ఈరవ్వ పేనింది’ అని గుర్తుపట్టేవారు. అక్షరం రాని మనిషి, నోరు మాత్రం గట్టిది. మొగుడి నోటుబుక్కును చూసి, “లోకమంత దేవుళ్ల పేర్లు రాస్కుంటది, మా ఆయన మంటల పేర్లు రాస్కుంటడు” అనేది. అయినా ఆయన చెప్పిందల్లా వినేది. ఆ రోజు కూడా వింది.

“గెట్టు వట్టుకొని మూడడుగులకు ఒక్కకాడ అంటిచ్చుకుంట పోవాలె. పెద్ద మంట వచ్చేవరకు దానికి తినేతందుకు ఏం దొరకదు” అని ఆయన చేతులు తిప్పి చూపిస్తుండగా స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. ఎక్కడో మంట. చెబుతున్నది చెబుతున్నట్టే వదిలేసి సైకిలెక్కాడు.

ఆ తరువాత అప్పుడప్పుడు ఈరవ్వ ఎత్తిపొడిచేది. “ఆ ఖాళీ జాగ ఎన్నడు నిండుతదయ్యా? నువ్వు రిటైరయ్యేలోపు నిండుతదా?” అని.

వాళ్ల పొలం రెంజల్ దాటాక కాలువ అవతల. రెండెకరాల వరి. పక్క పొలం హన్మండ్లుది, చెరుకు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక ఈ దిక్కున చెరుకు వేసేవాళ్లే తగ్గిపోయారు. వేసినా దూరపు మిల్లు నుంచి నరికే గుంపు వచ్చిందాకా ఎదురుచూడాలి. హన్మండ్లు చెరుకు ఏప్రిల్‌దాకా నిలిచిపోయింది. ఆకు ఎండి గలగలమంటోంది. ఏడాదంతా ఆ కుటుంబానికి అదే ఆధారం.

రెండు పొలాలకూ మధ్య గట్టు, గట్టు మీద పంచాయితీ. హన్మండ్లు ప్రతి ఏడాదీ నాగలి పోయినప్పుడల్లా గట్టును ఇంత గీకుతాడని ఈరవ్వ. లేదు, ఆమే తన వైపు లాక్కుంటోందని హన్మండ్లు. ఫిబ్రవరిలో ఆమె గట్టు మీద నిలబడి నలుగురూ వినేటట్టు, “నీ చెరుకు మన్నువడ!” అని తిట్టింది. ఆ తిట్టు ఊరందరికీ గుర్తుంది.

ఏప్రిల్ మూడో వారంలో మిషన్ వచ్చి వరి కోసిపోయింది. మోకాలెత్తు కొయ్యకాళ్లు మిగిలాయి. వాటిని కాల్చవద్దని రామస్వామన్న ఊరూరా తిరిగి మైకులో చెబుతాడు. ఇంట్లో కూడా చెప్పాడు. ఆదివారం ట్రాక్టరు తెచ్చి దున్నిస్తానన్నాడు. ఆ ఆదివారం డ్యూటీ పడింది, మళ్లీ ఆదివారం కూడా డ్యూటీ పడింది. అందరి పొలాలూ నల్లబడ్డాయి, తనదొక్కటే కాల్చకుండా మిగిలిందని ఈరవ్వ పోరు. మంగళవారం మధ్యాహ్నం మోకాళ్ల నొప్పులతోనే పొలానికి నడిచిపోయి, గాలి పడిందని చూసుకుని, నిప్పు పెట్టింది.

సగం కాలాక గాలి లేచింది. తిరిగింది. మంట హన్మండ్లు చెరుకు వైపు పోయింది.

స్టేషన్‌కు ఫోన్ వచ్చేసరికి మూడు దాటింది. “రెంజల్ అవతల కొయ్యకాళ్లు అంటుకున్నయ్, పక్కపొంటి చెరుకుంది” అని ఎవరో చెప్పారు. ఎవరి పొలమో చెప్పలేదు. ఆ రోజుల్లో అలాంటి ఫోన్లు పొద్దుకు ఐదారు వస్తాయి. రామస్వామన్న చేతిలో చాయ్ ఉంది. ఆ చాయ్ తాగి బండెక్కానని నాతో ఎన్నిసార్లు చెప్పుకున్నాడో లెక్కలేదు. కాలువ దగ్గర మలుపు తిరిగినప్పుడు పొగ ఏ దిక్కున ఉందో చూసి, నడుస్తున్న బండిలోంచి దూకాడట. ఆయన పోయేసరికి మంట ఆరిపోయింది. ఆర్పడానికి ఏమీ లేకుండా బండి చేరితే దాన్ని రిపోర్టులో ‘లేట్ కాల్’ అంటారు.

పొగ చూసి నేనూ మోటార్ సైకిల్ మీద పోయాను. గట్టు పక్కన ఈరవ్వ పడి ఉంది, మీద హన్మండ్లు ధోతి కప్పి ఉంది. హన్మండ్లు కొంచెం దూరంలో కూర్చుని రెండు చేతులూ గాలిలోకి ఎత్తి పట్టుకున్నాడు. అరచేతులు తోలు లేచిపోయి ఎర్రగా ఉన్నాయి. రామస్వామన్న భార్య తల దగ్గర కూర్చున్నాడు. హెల్మెట్ కూడా తీయలేదు.

చుట్టూ చేరినవాళ్లు అప్పటికే కథ కట్టేశారు. రెండు చోట్ల మంట లేచింది, ఒకటి ఈరవ్వ పొలంలో, ఒకటి హన్మండ్లు గట్టు మీద. చెరుకు చెక్కుచెదరలేదు. అంటే ఏంటి? హన్మండ్లు తన చెరుకు కాపాడుకోవడానికి గట్టు మీంచి ఎదురు మంట పెట్టాడు, మధ్యలో ఈరవ్వ ఉందని చూడలేదు. చూసినా ఆగలేదని ఒకరు. గట్టు పంచాయితీ ఉండనే ఉందని ఇంకొకరు. “సేతులు సూడుండ్రి, అంటిచ్చినోనియే గదా కాల్తయి” అని మరొకరు. హన్మండ్లు ఏదో అంటున్నాడు. ఎవరూ వినడం లేదు. నేనూ వినలేదు.

అడగకూడని వేళ అడగడమే మా పని కదా. రామస్వామన్న దగ్గరికి పోయి వంగి, “కారణం ఏమని రాయాలె అన్నా?” అని అడిగాను. ఆయన నా వైపు చూశాడు. ఎవరో తెలియనట్టు చూశాడు. ఆ చూపును నేను ‘అవును’ అనుకున్నాను. తెల్లారి పత్రికలో నా వార్త వచ్చింది. ‘పక్క రైతు పెట్టిన మంటకు మహిళ బలి’. చివర ‘అని గ్రామస్తులు ఆరోపిస్తున్నారు’ అని ఒక తోక తగిలించాను. ఆ తోక మమ్మల్ని కాపాడుతుంది. హన్మండ్లును ఏం కాపాడుతుంది?

ఆయన్ను కట్లు కట్టిన చేతులతోనే ఠాణాకు పిలిపించారు. రామస్వామన్న కూతురు సింధూజ నిజామాబాద్‌లో కంఠేశ్వర్ దగ్గర ఒక ల్యాబులో పనిచేస్తుంది. తల్లి పోయిందని తెలిసి వచ్చిన ఆ పిల్ల, నేను రాసిన కాగితం చేతిలో పట్టుకుని హన్మండ్లు ఇంటి ముందర నిలబడి ఒకటే ఏడుపు, ఒకటే శాపాలు. లోపల ఆయన భార్య హన్మవ్వ తలుపు గొళ్లెం వేసుకుని కూర్చుంది. ఊళ్లో వాళ్లతో మాట్లాడేవాళ్లు లేకుండా పోయారు.

మూడో రోజు రామస్వామన్న నాకు ఫోన్ చేశాడు. “బండి తీస్కొని రా. పొలం కాడికి వోదాం.”

పొలం నల్లగా పడి ఉంది. ఆయన గట్టు మొదలునుంచి నడవడం మొదలుపెట్టాడు. నేను వెనకాల. నాకు అంతా ఒకటే బూడిదలా కనబడుతోంది. ఆయనకు అది రాత. గట్టు అంచున గడ్డి దుబ్బులు కొన్నిచోట్ల మొదళ్లదాకా కాలాయి, మధ్యలో పైపైనే కాలాయి. కాలిన దుబ్బునుంచి కాలిన దుబ్బుకు ఆయన అడుగులు వేశాడు. తన అడుగులైతే రెండు. ఆగి, మోకాళ్ల నొప్పులున్న మనిషిలా అడుగులు చిన్నవి చేసి మళ్లీ వేశాడు. మూడు. ఇంకో దుబ్బుకు మూడు. గట్టు పొడవునా మూడు, మూడు, మూడు.

గట్టు చివర, నీళ్లు మళ్లే తూము రాయి పక్కన, సగం కాలిన గడ్డి కాగడా ఒకటి పడి ఉంది. పేనిన గడ్డి. దాన్ని తీసి మెలిక చూశాడు. నాకిచ్చాడు. ఎడమచేతి మెలిక.

రామస్వామన్న ఆ రాయి మీద కూలబడ్డాడు. అప్పుడే నాకు పదకొండేళ్ల కిందటి ఆ సాయంత్రం సంగతి చెప్పాడు. వాకిలి, గడ్డి తాడు, చేతులు తిప్పి చూపించడం, మధ్యలో వచ్చిన ఫోను.

“నేర్పినోన్ని నేనే నరేందర్. నేను సెప్పిందే సేసింది. ఎంత ముద్దుగ సేసిందో సూడు, ఒక్క అడుగు గూడ తప్పలే.” ఏడుస్తూ గట్టంతా చూపించాడు. “ఆ చెరుకు మన్నువడ అని తిట్టిన మనిషి, ఆ చెరుకు కాలొద్దని పోయింది.”

సంచీలోంచి నోటుబుక్కు తీయమన్నాడు. కౌంటర్ ఫైర్ అనే మాట ఎదురుగా తెలుగులో రెండు వాక్యాలున్నాయి. పెద్ద మంటను ఆపడానికి దానికి ఎదురుగా పెట్టే మంట. పెట్టేవాళ్లు రెండు మంటల మధ్య నిలబడకూడదు, కాలిన నేలకో దున్నిన చెలకకో తప్పుకునే తోవ ముందే చూసుకోవాలి. ఇద్దరి కళ్లూ ఆ రెండో వాక్యం మీదే ఆగాయి. ఆమె పడినచోట సగం కాలిన గోనె ఇంకా పడి ఉంది. నిప్పురవ్వలు చెరుకు మీద పడకుండా ఈరవ్వ వరి వైపు దిగి, తడి గోనెతో గట్టును కొడుతూ నిలబడింది. వీపు పెద్ద మంటకు పెట్టి.

నాకు ఒక పాడు ఆలోచన వచ్చింది. వచ్చిందని చెప్పడానికి సిగ్గుపడను, వచ్చింది. ఈ గడ్డి మెలిక సంగతి మా ఇద్దరికే తెలుసు. చెప్పకపోతే హన్మండ్లు మునుగుతాడు. చెబితే ఈయన మునుగుతాడు. సింధూజ తల్లి చావుకు ఎవరో ఒకరి మీద కోపం పెట్టుకుని నిలబడి ఉంది. ఆ కోపం ఇటు తిరిగితే, ఉన్న ఒక్క కూతురూ ఈయనకు దక్కదు. “తొందరపడకన్నా” అన్నాను.

“హన్మండ్లు సేతులు సూసినవా?” అన్నాడు. “గవి మంట వెట్టిన సేతులు గావు. మంటల్నుంచి మనిషిని గుంజిన సేతులు. నా కంటికి తెల్వదా?”

పదో రోజు. వాకిట్లో పందిరి, చుట్టాలు, భోజనాలయ్యాయి. రామస్వామన్న హన్మండ్లును పిలుచుకు రమ్మని కబురు పెట్టాడు. జనంలో గుసగుసలు. హన్మండ్లు వచ్చి లోపలికి రాక, దర్వాజ దగ్గరే నిలబడ్డాడు. రామస్వామన్న ఆ కాలిన గడ్డి కాగడాను అందరి మధ్యలో చాప మీద పెట్టాడు.

“ఎవ్వల మెలికనో సూడుండ్రి” అన్నాడు.

ఒక ముసలామె తీసి చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తరువాత ఆయన మొత్తం చెప్పాడు. నిలబడి, రిపోర్టు చదివినట్టు, ఏదీ దాచకుండా. మొదటి మంట ఎవరు పెట్టారు, రెండోది ఎవరు పెట్టారు, పెట్టడం ఎవరు నేర్పారు. హన్మండ్లుకు ఈ చావులో ఏ పాపమూ లేదని చెప్పి ఆయన వైపు తిరిగి దండం పెట్టాడు.

హన్మండ్లు కట్లు కట్టిన చేతులతో ముఖం కప్పుకున్నాడు. “నేను ఆ పొద్దే సెప్పిన అన్నా. వదినెనే అంటిచ్చింది, నా చెరుకు కోసమే అంటిచ్చింది అని. సచ్చిన మనిషి మీద వెడ్తున్నవా అని నా నోరు మూసిండ్రు” అన్నాడు. మూసినవాళ్లలో నేనొకణ్ణి. ఆ జనంలో నేను తల ఎత్తలేదు.

అందరూ సింధూజ వైపు చూస్తున్నారు. ఆమె చాప అంచున కూర్చుని ఆ గడ్డినే చూస్తోంది. తల ఎత్తి తండ్రిని తల్లి సంగతి అడిగింది.

“బాపూ, అవ్వ అడగలేదా? అంటిచ్చినంక యాడ నిలవడాలె అని అడగలేదా? మా అవ్వ అట్ల అడగకుంట ఊకుండే మనిషి గాదు.”

రామస్వామన్న కూతురికి ఎదురుగా చాప మీద కూర్చున్నాడు.

“అడిగింది బిడ్డా. ఫోన్ మోగంగ అడిగింది. వచ్చినంక సెప్త అన్న.”

“సెప్పినవా?”

“మర్సిపోయిన.”

సింధూజ లేచి లోపలికి పోయింది. సాయంత్రం బ్యాగు సర్దుకుని నిజామాబాద్ బస్సెక్కింది. తండ్రి బస్సు దాకా వెనకాలే నడిచాడు. ఆమె వెనక్కి తిరగలేదు.

స్టేషన్‌లో ఆ మంట రిపోర్టు ఇంకా రాయకుండానే ఉంది. వేరేవాళ్లతో రాయిస్తానని ఆఫీసరు మంచి మాటే చెప్పాడు. రామస్వామన్న వినలేదు, తానే రాశాడు. మంట ఎంతది అన్నచోట స్మాల్ దగ్గర టిక్కు పెట్టాడు. పదకొండు గుడిసెలకు కాన్‌ఫ్లగ్రేషన్ సరిపోతుందా అని ఏళ్లకేళ్లు కొట్లాడిన మనిషి, ఈ ఒక్కచోట ఏమీ కొట్లాడలేదు. కారణం అన్నచోట తన ఇంగ్లీషులో రాసింది తెలుగులో చెబితే ఇట్లా ఉంటుంది: ఎదురు మంట. పెట్టింది ఈరవ్వ, ఈ కింద సంతకం చేసినవాని భార్య. పెట్టడం నేర్పింది ఈ కింద సంతకం చేసినవాడు. చివరి వాక్యం అక్కర్లేదు, కొట్టేయమన్నాడు ఆఫీసరు. “సార్, మీరు కొట్టేయుండ్రి, నేను కొట్టెయ్య” అన్నాడట. ఎవరూ కొట్టేయలేదు.

నా పత్రికలో సవరణ వచ్చింది. ఆరో పేజీలో, బోర్‌వెల్ ప్రకటన కింద, మూడు లైన్లు. హన్మండ్లును హంతకుణ్ణి చేయడానికి నాకు నాలుగు కాలమ్‌ల వెడల్పు దొరికింది. ఆ ముక్క కత్తిరించి ఆయనకు ఇచ్చివద్దామని పోతే హన్మవ్వ తీసుకోలేదు. “మేం సదువుకున్నోళ్లం గాదు సారూ, మీ దగ్గరనే ఉంచుకోండి” అంది. అది నా జేబులోనే ఉంది.

మే నెలలో ఒకరోజు రామస్వామన్న నోటుబుక్కు నా చేతిలో పెట్టాడు. “సింధూజకు ఇచ్చిరా. నా కాడ ఉంటే ఆ ఒక్క పేజీనే తీసుకుంట కూసుంటున్న.” కంఠేశ్వర్‌లో ఆమె ఉండే గది కనుక్కుని పోయాను. తలుపు సగం తీసి, అట్ట చూసి తీసుకుంది. లోపలికి రమ్మనలేదు. రమ్మనాల్సిన పని కూడా లేదు, ఆ వార్త రాసింది నేనని ఆమెకు తెలుసు.

జూన్‌లో నాలుగు చినుకులు పడ్డాక ఆమే ఫోన్ చేసింది. పోతే నోటుబుక్కు తిరిగి ఇచ్చింది.

“బాపుకు ఇయ్యుండ్రి అన్నా.”

“నువ్వే వచ్చి ఇయ్యరాదమ్మా?”

“ఇప్పుడే రాను.” ఆగి, “మందులేసుకుంటున్నడా?” అని అడిగింది. వేసుకుంటున్నాడని చెప్పాను. తలుపు వేసుకుంది.

నేను రెంజల్ పోయేసరికి రామస్వామన్న ఇంట్లో లేడు, పొలంలో ఉన్నాడు. గట్టు అవతల చెరుకు నరుక్కుపోయారు, కొత్త పిలకలు లేస్తున్నాయి. హన్మండ్లు అటువైపు కూర్చుని మానీమానని చేతులతో పార కర్ర చెక్కుతున్నాడు. ఇద్దరూ మాట్లాడుకోవడం లేదు, అయినా ఒకరికి కనబడేచోట ఒకరు కూర్చున్నారు. నేను నోటుబుక్కు చేతికిచ్చాను. ఆయన ఆ పేజీ దానంతటదే తెరుచుకునేదాకా ఆగాడు. ఖాళీ గడిలో నీలం సిరాతో ఏదో ఉంది.

“కండ్లద్దాలు తెచ్చుకోలే. నువ్వు సదువు” అన్నాడు. కళ్లద్దాలు ఆయన జేబులోనే ఉన్నాయి.

నేను చదివాను. “రెంజల్ శివారు, మా పొలం. మా అవ్వ పెట్టింది. చెరుకు కాలలేదు.”

“ఇంకోసారి సదువు.”

మళ్లీ చదివాను.